పొట్ట తగ్గాక పాట

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలో పాట గురించి మాట్లాడాలంటే అవుసలికుంటతో మొదలుపెట్టడం మర్యాద. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాడే దర్శనం మొగిలయ్యది ఆ ఊరే; 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. ఆ కిన్నెరను దగ్గరగా చూస్తే గొంతు పని సగం అర్థమవుతుంది. మోగేది తీగ. ఆ మోతను పెంచేవి వెదురుకు కట్టిన ఎండు సొరబుర్రలు. బుర్ర లోపల ఉండాల్సింది ఖాళీ. గుజ్జు తీయని బుర్రతో ఎవరూ కిన్నెర కట్టరు.

మన గొంతులో తీగల పని చేసేవి స్వరతంత్రులు, అంటే ఊపిరి తగిలితే కంపించే రెండు మెత్తని మడతలు. బుర్రల పనిని కంఠం, నోరు చూసుకుంటాయి. ఈ జాబితాలో పొట్ట లేదు. అయినా ఒళ్లుంటేనే గొంతుంటుందన్న నమ్మకం మన నాటకాల పందిళ్ల నుంచి యూరప్ ఒపేరా శాలల దాకా ఉంది. దాన్ని గట్టిగా నమ్మేవాళ్లలో బక్కపలచని గాయకులూ ఉంటారు.

మరి బరువు తగ్గించే ఆపరేషన్, అదే బేరియాట్రిక్ సర్జరీ, చేయించుకున్న గాయకులు పాత గొంతు రావడం లేదని ఎందుకు అంటారు? ఇందుకు అమెరికా ఒపేరా గాయని డెబొరా వోయిట్ అనుభవం పనికొస్తుంది. ఒక పాత్రకు అనుకున్న నల్లగౌను ఆమెకు నప్పదని లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్ ఆమెను తప్పించిన సంగతి 2004లో బయటపడింది. గౌను మార్చడం కంటే గాయనిని మార్చడం తేలికనుకున్నారు. ఆ ఏడాది జూన్‌లో ఆమె గ్యాస్ట్రిక్ బైపాస్ అనే బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుని, 45 కిలోలకు పైగా తగ్గారు. 2008లో అదే వేదికపై అదే పాత్ర పాడారు.

ఆపరేషన్ తర్వాతి పాట గురించి ఆమె చెప్పింది ఆసక్తికరం. గొంతు చెడలేదు, అయితే ఇదివరకు దానంతటదే జరిగిన పని ఇప్పుడు గుర్తుపెట్టుకుని చేయాల్సి వచ్చింది. పక్కటెముకలు విచ్చుకునే ఉన్నాయా అని చూసుకోవాల్సి వచ్చింది.

దీని వెనక లెక్క సులువే. ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండరపు పొరను ఉదరవితానం అంటారు. స్థూలకాయంలో పొట్ట కొవ్వు దీన్ని పైకి నెట్టడంతో ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది. బరువు తగ్గితే ఆ చోటు తిరిగొస్తుంది. అంటే గాలి పెరుగుతుంది. కానీ పాటకు గాలి ఉండటం ఒక్కటే చాలదు, దాన్ని పొదుపుగా వదలాలి. పద్యం చివర రాగం లాగేటప్పుడు ఆనుకోవడానికి ఇన్నాళ్లూ ఆ పొట్టే ఊతమైంది. ఊతం పోయాక ఆ పని పొట్ట కండరాలకు, పక్కటెముకలకు కొత్తగా నేర్పాలి. వెల్లకిలా పడుకుని, పక్కటెముకల మీద చేతులుంచి, అవి కుంగిపోకుండా ఒకే స్వరం పట్టి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది. ఇదంతా కోతలు మానాక, సర్జన్ సరేనన్నాకే. అంతవరకు పైస్థాయి పట్టడం కూడా బరువెత్తడం కిందికే వస్తుంది.

ఆపరేషన్‌కు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. మత్తు ఇచ్చేటప్పుడు ఊపిరి గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచే వెళ్తుంది. కొద్దిరోజులు బొంగురు సహజం. రోగి గాయకుడని మత్తు డాక్టరుకు తెలిస్తే గొట్టం సైజు విషయంలో జాగ్రత్తపడతారు. బీపీ, షుగర్ చెప్పినవారు పాట సంగతి చెప్పడానికి సిగ్గుపడతారు.

అసలు చిక్కు మరోచోట ఉంది. స్లీవ్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా చేస్తారు. అందులో ఒత్తిడి పెరిగి కొందరిలో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది, ఉన్న మంట పెరుగుతుంది. బైపాస్‌లో సాధారణంగా ఇది తగ్గుతుంది. ఆమ్లం స్వరపేటికను తాకితే పొద్దున్నే గొంతు బొంగురు, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మొదలవుతాయి. అందుకే ఏ ఆపరేషన్ అని తేల్చేటప్పుడు ఖర్చుతో పాటు గొంతునూ లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత నీళ్లు. చిన్న జీర్ణాశయం చెంబెడు నీళ్లు ఒక్కసారిగా పట్టదు. రోజంతా గుక్కగుక్కగా తాగాలి. లేకపోతే స్వరతంత్రులు పొడిబారతాయి. ప్రొటీన్ తగ్గితే కండ కరుగుతుంది, ఇనుము, బి12 తగ్గితే రక్తహీనత వచ్చి చరణం మధ్యలోనే ఆయాసం వస్తుంది. దాన్ని సాధన లోపమనుకుని మరింత సాధన చేసేవారున్నారు. రక్తపరీక్ష అంతకంటే చవక.

ఊరి జనం సంగతికొస్తే, చిక్కిన గాయకుణ్ణి చూసి ముందు ఏం జబ్బు చేసిందని అడుగుతారు, తర్వాత కార్యక్రమం అయ్యాక కడుపునిండా తినమని బలవంతపెడతారు. తిన్నాక రెండు మూడు గంటలైనా పడుకోకుంటే ఆమ్లం గొంతుదాకా రాకుండా ఉండే వీలెక్కువ. తెల్లవారుజామున ముగిసే నాటకానికి ఈ లెక్క ఎలా కుదురుతుందో డాక్టర్ల చీటీలో రాసి ఉండదు.