ఫోనులో అడిగితే చిట్టా ఇస్తారా?

రాత్రి తొమ్మిది దాటుతుంది. విశ్వవిద్యాలయం కంప్యూటర్ సెంటరులో డ్యూటీ మీద ఉన్నది ఒక్క ఆపరేటరే. ఫోను మోగుతుంది. "స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం. నిన్న రాత్రి ఫలానా నంబరు మీద నెట్ వాడిన కుర్రాడెవరు? పేరు, రూము నంబరు చెప్పండి." పది నిమిషాల పని. వివరాలన్నీ కళ్ల ముందున్న కంప్యూటరులోనే ఉన్నాయి. చెప్పాలా? వద్దా?

వైఫై ఉన్న ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే ప్రశ్నే ఇది. అడిగేది పోలీసులే కానక్కరలేదు. కూతురు రాత్రి హాస్టల్లోనే ఉందా అని ఒక తండ్రి అడగవచ్చు. సమ్మె రోజున గేటు దగ్గర ఎవరెవరున్నారో తేల్చమని పై అధికారి అడగవచ్చు. తమ సినిమాను దొంగచాటుగా దించుకున్నదెవరో చెప్పమని లాయరు నోటీసు రావచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తూ రావచ్చు.

చిట్టాలో ఏముంటుంది?

ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో ఇందులో సాధారణంగా ఉండదు. విద్యార్థి ఫోను వైఫై అందుకోగానే ఏ లాగిన్‌తో, ఏ పరికరంతో, ఏ సమయానికి, ఏ భవనంలో నెట్ మొదలుపెట్టాడో, అతనికి ఏ ఐపీ నంబరు దక్కిందో నమోదవుతుంది. చూడడానికి చిన్న పద్దే. కానీ నెల రోజుల పద్దులు వరసగా పేర్చితే ఏ క్లాసు ఎగ్గొట్టాడో, ఏ రాత్రి ఏ భవనంలో ఉన్నాడో బయటపడుతుంది. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ హక్కు హాస్టలు గేటు దగ్గర ఆగిపోదు.

మనిషి మారిపోతే?

ఇంకో చిక్కుంది. ఒకే ఐపీ నంబరు ఉదయం ఒకరికి, సాయంత్రం మరొకరికి వెళ్తుంది. చాలాచోట్ల హాస్టలులోని వందలాది విద్యార్థులు బయటి ప్రపంచానికి ఒకే ఐపీ నంబరుగా కనిపిస్తారు. అలాంటప్పుడు సెకన్లతో సహా సమయం, పోర్టు నంబరు తెలిస్తేనే ఫలానా వారని తేలుతుంది. విదేశీ కంపెనీల కాగితాల్లో సమయం తరచు అంతర్జాతీయ కాలమానంలో ఉంటుంది. అందులో రాత్రి 8 గంటలంటే మనకు అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. తొందరలో మన ఎనిమిదిగా చదివితే, ఆ సమయానికి మెస్సులో భోంచేస్తున్న అమాయకుడి పేరు స్టేషనుకు చేరుతుంది. పాస్‌వర్డు రూమ్మేటుకు ఇచ్చినవారి సంగతి సరేసరి. చిట్టా చూపేది లాగిన్‌ను, మనిషిని కాదు.

అలాగని దాచరాదు

ఒక విద్యార్థిని పేరిట దొంగ ఖాతా తెరిచి ఎవరైనా అసభ్య చిత్రాలు పెడితే, ఆమెకు న్యాయం జరగడానికి ఈ చిట్టాయే ఆధారం కావచ్చు. సంస్థలు తమ కంప్యూటర్ల చిట్టాలను 180 రోజులపాటు దేశంలోనే భద్రపరచాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఆ గడువు దాటాక చెరిగిపోతే మళ్లీ దొరకదు. కనుక ఫోను వచ్చినా సరే, అడిగిన భాగాన్ని వెంటనే వేరుగా తీసి భద్రపరచడం మంచిది. భద్రపరచడం వేరు, అప్పగించడం వేరు.

అప్పగించడానికి కాగితం కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ ప్రకారం కోర్టు సమన్లు గానీ, స్టేషన్ అధికారి లిఖితపూర్వక ఉత్తర్వు గానీ ఉండాలి. ఈ ఉత్తర్వు ఎలక్ట్రానిక్ రూపంలో వచ్చినా చెల్లుతుంది. నోటిమాట ఉత్తర్వు కాదు. పైగా చిట్టా కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతపరచాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటోతో కేసు గట్టెక్కదు.

ఇక సమాచార హక్కు దరఖాస్తుదారు ఇతరుల వ్యక్తిగత వివరాలు అడిగితే, వాటికి 8(1)(జె) మినహాయింపు ఉంది. 18 ఏళ్లు నిండిన కూతురి చిట్టాను తండ్రికైనా చేతికివ్వడం తగదు. అమ్మాయి నిజంగా కనిపించకుండా పోతే పోలీసు ఫిర్యాదు మార్గం ఉండనే ఉంది.

ఒకే విద్యాలయం, రెండు దారులు

ఈ చిక్కు మన దేశానిదే కాదు. అమెరికాలో పేరుమోసిన ఎం.ఐ.టి.కి 2003లో రికార్డు కంపెనీల సంఘం నుంచి సబ్‌పీనా వచ్చింది. నెట్‌లో పాటలు పంచినవారి పేర్లు ఇవ్వాలన్నది దాని సారాంశం. సబ్‌పీనా అంటే కోర్టు ద్వారా వచ్చే తాఖీదు. వాషింగ్టన్ కోర్టు తాఖీదు మసాచుసెట్స్‌లో చెల్లదని, విద్యార్థికి ముందుగా తెలిపే వ్యవధి కూడా లేదని ఎం.ఐ.టి., బోస్టన్ కాలేజీ అభ్యంతరం చెప్పాయి. తాఖీదు చెల్లదన్న వాదనను కోర్టు ఒప్పుకుంది.

అదే ఎం.ఐ.టి. 2011లో వేరే దారి తొక్కింది. క్యాంపస్ నెట్‌వర్క్ ద్వారా లక్షలాది పరిశోధన వ్యాసాలు దించుకున్నాడన్న ఆరోపణపై ఆరన్ స్వార్ట్జ్ అనే యువకుడు అరెస్టయ్యాడు. ఈ కేసులో సబ్‌పీనా రాకముందే కొన్ని నెట్‌వర్క్ రికార్డులు దర్యాప్తు అధికారుల చేతికి వెళ్లాయి. అలా ఇవ్వడం చెల్లదని అతని తరఫు న్యాయవాదులు వాదించారు. ఆ వాదన తేలకముందే 2013 జనవరి 11న, 26వ ఏట అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరణానికి ఈ చిట్టాలే కారణమని అనలేం. అయితే ప్రొఫెసర్ హాల్ ఏబెల్సన్ నాయకత్వంలో అదే ఏడాది జులైలో వెలువడిన నివేదిక, ఎలక్ట్రానిక్ రికార్డుల సేకరణ, నిల్వ, అందజేత నియమాలను సమీక్షించాలా అన్న ప్రశ్నను విద్యాలయం ముందు పెట్టింది.

రాసిపెట్టుకుంటే చాలు

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. అభ్యర్థనలన్నీ ఒకే అధికారి చేతికి వెళ్లాలి. ప్రతిదానికీ రిజిస్టరులో నంబరు పడాలి. ఎవరు, ఏ చట్టం కింద, ఏ తేదీల చిట్టా అడిగారో అందులో ఉండాలి. అడిగిన గంట చిట్టా ఇవ్వాలి తప్ప నెల చిట్టా కాదు. లా ఆఫీసరు చూశాకే బయటికి వెళ్లాలి. చట్టం అడ్డు చెప్పనప్పుడు విద్యార్థికీ కబురు చేయాలి.

ఇలాంటి నియమం వల్ల మొదట ఊపిరి పీల్చుకునేది ఆ రాత్రి డ్యూటీ ఆపరేటరే. ఇన్‌స్పెక్టరుకు గానీ పై అధికారికి గానీ "ఇవ్వను" అనగల హోదా అతనికి లేదు. నియమం కాగితం మీద ఉంటే ఎదురు చెప్పాల్సిన పనీ లేదు. "రిజిస్ట్రారు గారి పేరిట కాగితం పంపండి సార్, ఈలోగా చిట్టా చెరిగిపోకుండా చూస్తాం" అంటే సరిపోతుంది.