రిఫరెన్సుల్లో మనవాళ్ల పేర్లు

రిఫరెన్సులు సరిగా లేవని మన వ్యాసాలు జర్నల్స్ నుంచి తిరిగొస్తున్నాయి. విషయం బాగుందంటారు, వాదన బాగుందంటారు, చివర్లో ‘ఆధారాలు మా పద్ధతిలో ఇచ్చి మళ్లీ పంపండి’ అంటారు. మనలో చాలామందిమి ఆ ‘మళ్లీ’ దగ్గరే ఆగిపోతాం. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కినవాళ్లం. కామా ఎక్కడ పెట్టాలో, సంవత్సరం ఎక్కడ రాయాలో మనకు చెప్పినవాళ్లు లేరు. దాంతో కొందరం ఇదంతా పండితుల మడీ ఆచారం లాంటిదేనని కొట్టిపారేస్తాం. ఇంకొందరం సిగ్గుపడి ఊరుకుంటాం. రెండువిధాలా నష్టం మనకే.

కామా ఎక్కడ పెట్టాలన్నది జర్నల్‌ను బట్టి మారుతుంది. దాని వెనకున్న ప్రశ్నలు మారవు. ఈ మాట ఎవరన్నారు? ఎప్పుడన్నారు? ఎక్కడ అచ్చయింది? ఏ పేజీలో ఉంది? చదివినవాళ్లు వెళ్లి వెతికితే దొరకాలి, అంతే. ‘దళితుల రాతల్లో ఆవేశమే గానీ ఆధారాలుండవు’ అనే మాట మనం ఎన్నిసార్లు వినలేదు! దానికి జవాబుగా ఇంకో పేరా ఆవేశపడటం కన్నా ఒక పేజీ నెంబరు చూపించడం మేలు.

ఈ సంగతి అంబేడ్కర్‌కు బాగా తెలుసు. 1946లో వచ్చిన ‘శూద్రులెవరు?’ తెరిచి చూడండి. వేదాల నుంచి, ధర్మశాస్త్రాల నుంచి ఏది తీసుకున్నా ఎక్కడ ఉందో చూపిస్తూ పోతారు. కానీ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ఆయన పోయాక 1957లో వచ్చింది. అందులో మూలాల సూచికలు లేవు. భదంత ఆనంద్ కౌసల్యాయన్ ఆ పుస్తకాన్ని హిందీలోకి తెస్తూ మూలాలు వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. మహారాష్ట్ర ప్రభుత్వం దాన్ని 11వ సంపుటిగా వేసినప్పుడు కూడా మూలాల కోసం ఒక అనుబంధం వేయాల్సి వచ్చింది. అంబేడ్కర్ పుస్తకం కాబట్టి వెతికేవాళ్లు దొరికారు. మన వ్యాసానికి ఎవరు దొరుకుతారు?

ఇక పద్ధతి చూద్దాం. స్థూలంగా రెండు దారులున్నాయి. మొదటిది, వాక్యం చివర అంకె వేసి, పేజీ అడుగునో వ్యాసం చివరో నోట్ రాయడం. చరిత్ర, సాహిత్యం వాళ్లు దీన్ని ఎక్కువగా వాడతారు. రెండోది, వాక్యంలోనే బ్రాకెట్లో రచయిత, సంవత్సరం, పేజీ ఇచ్చి, పూర్తి వివరాలు చివరి జాబితాలో పెట్టడం. ఏపీఏ పద్ధతి ఇదే. షికాగో పద్ధతిలో రెండు దారులూ ఉన్నాయి. జర్నల్ ఏది అడిగితే అది వాడాలి, రెండూ కలపకూడదు. రాయడం మొదలుపెట్టకముందే ఆ జర్నల్ పాత సంచిక ఒకటి ముందు పెట్టుకోండి.

పుస్తకం ఎంట్రీ ఇట్లా ఉంటుంది:

శ్యామల, గోగు (సంకలనం). 2003. నల్లపొద్దు: దళిత స్త్రీల సాహిత్యం 1921–2002. హైదరాబాద్: హైదరాబాద్ బుక్ ట్రస్ట్.

పేరు, సంవత్సరం, పుస్తకం, ఊరు, ప్రచురణకర్త. 2019లో వచ్చిన ఏపీఏ ఏడో కూర్పు ఊరు పేరు అడగడం మానేసింది. అందుకే ఏ కూర్పు వాడుతున్నామో చూసుకోవాలి. ఇక మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంగ్లీషు పద్ధతులు చివరి మాటే ఇంటిపేరు అనుకుంటాయి. మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఇంటిపేరు ఉంచి పేరును కుదిస్తే ‘గోగు, ఎస్.’ అవుతుంది. రాసింది ఆడమనిషి అని కూడా తెలియదు. జర్నల్ ఒప్పుకుంటే పేరు పూర్తిగా రాయండి. ఒకరి పేరును వ్యాసమంతా ఒకేలా రాయండి. జొటేరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ జాబితా తయారుచేసి పెడుతుంది గానీ, పేర్లు ఏ గడిలో పడ్డాయో మనమే సరిచూడాలి.

అంబేడ్కర్‌ను ఉటంకించేటప్పుడు మనవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ‘కుల నిర్మూలన’ నుంచి ఒక మాట తీసుకుని (అంబేడ్కర్ 1979) అని రాస్తారు. ఆయన పోయింది 1956లో. 1979 అన్నది వసంత్ మూన్ సంపాదకత్వంలో మహారాష్ట్ర విద్యాశాఖ మొదటి సంపుటి వేసిన ఏడాది. లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ సభ రద్దు చేస్తే, ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చేసుకున్నది 1936లో. ఆ ఏడాది రాయకపోతే ఆ చరిత్రే కనపడదు. అందుకే (అంబేడ్కర్ 1979 [1936]) అని రెండూ ఇవ్వాలి. తెలుగు అనువాదం చదివి రాస్తే అనువాదకుడి పేరు, ఆ తెలుగు పుస్తకం పేజీ ఇవ్వాలి. తెలుగులో చదివి ఇంగ్లీషు పేజీ వేయడం అబద్ధమే అవుతుంది.

కారంచేడు (1985), చుండూరు (1991) ఉద్యమాల నాటి కరపత్రం ఒకటి దొరికింది, దానిమీద సంవత్సరం లేదనుకోండి. ‘తేదీ లేదు’ అని రాయాలి. లోపలి విషయాన్ని బట్టి ఊహించగలిగితే [1986?] అని ప్రశ్నార్థకంతో ఇవ్వాలి. వేసిన సంఘం పేరు రచయిత స్థానంలో పెట్టి, ఆ ప్రతి ఎవరి దగ్గర చూశారో చెప్పాలి.

ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే క్షణంలో రిఫరెన్సుల జాబితా ఇచ్చేస్తుంది. లేని పుస్తకాన్ని కూడా పేజీ నెంబరుతో సహా ఇస్తుంది. చేత్తో పట్టుకోని, కళ్లతో చూడని పుస్తకాన్ని జాబితాలో పెట్టొద్దు. అట్లాంటిది ఒక్కటి బయటపడితే మిగతా నిజాలన్నిటినీ అనుమానిస్తారు.

చివరగా, నా తప్పు ఒకటి చెప్పాలి. మా పల్లెలో మంచినీళ్ల బావి ఎట్లా తవ్వుకున్నారో తాత వరసాయన ఒకరు సాయంత్రమంతా కూర్చుని నాకు చెప్పాడు. ఎవరెవరు గడ్డపార పట్టారో, ఆ కోపంతో ఊళ్లోవాళ్లు ఎన్నాళ్లు పనికి పిలవలేదో అంతా చెప్పాడు. నా ఎంఫిల్ సిద్ధాంత వ్యాసంలో దాన్ని ‘పల్లెలో ఒక వృద్ధుడు చెప్పిన ప్రకారం’ అని రాశాను. అదే పేజీలో ఊరి భూస్వామి మీద ఆయన కొడుకులు వేయించిన జ్ఞాపకాల సంచికకు పేరు, ప్రెస్సు, సంవత్సరం, పేజీ అన్నీ ఇచ్చాను. వైవాలో ‘ఎవరా వృద్ధుడు? ఎప్పుడు చెప్పాడు?’ అని అడిగారు. నేను తేదీ రాసుకోలేదు. మళ్లీ అడుగుదామని వెళ్లేసరికి ఆయన లేడు.

ఈ తప్పు నా ఒక్కడిదే అనుకోను. ఏపీఏ పద్ధతిలో పరిశోధకుడు చేసిన ఇంటర్వ్యూ వ్యక్తిగత ఉత్తరం లాంటిది. బ్రాకెట్లో ఉంటుంది, చివరి జాబితాలోకి రాదు. కెనడాలో క్రీ జాతికి చెందిన లైబ్రేరియన్ లోరీసియా మెక్లౌడ్ దీన్ని ప్రశ్నించి, మూలవాసుల పెద్దలు చెప్పిన మాటలకు జాబితాలో చోటిచ్చే నమూనాలు తయారుచేసి 2021లో ప్రచురించారు. అచ్చయిన చరిత్ర తక్కువున్న మనకూ అదే అవసరం. చెప్పినవాళ్ల పూర్తి పేరు, పల్లె, వృత్తి, తేదీ, చోటు, రికార్డు ఎవరి దగ్గరుందో రాసి జాబితాలో పెట్టండి. జర్నల్ కుదరదంటే నోట్‌లోనైనా ఇవ్వండి. పేరు బయటపెడితే ప్రమాదమనుకుంటే వాళ్లనే అడగండి. వద్దంటే ‘వారి కోరికపై పేరు మార్చాం’ అని రాయండి. అడగకుండా పేరు తీసేసే హక్కు మనకు లేదు.

తర్వాత ఆ బావి మీద విడిగా ఒక వ్యాసం రాశాను. చివరి జాబితాలో తాత పేరు అందరి పేర్ల మధ్య అక్షరక్రమంలో ఉంది. తేదీ దగ్గర మాత్రం ‘నమోదు చేయలేదు’ అని రాయాల్సి వచ్చింది.