కనబడని కణాన్ని పట్టేదెలా?

శృంగవరపుకోటలో బస్సెక్కి విజయనగరంలో దిగారనుకోండి. ఇంచుమించు అంత దారిని గుండ్రంగా చుట్టి, నేలలో సుమారు 100 మీటర్ల లోతున పెట్టినట్లు ఊహించుకోండి. ఫ్రాన్సు, స్విట్జర్లాండు సరిహద్దులో సెర్న్ సంస్థ తవ్వించిన సొరంగం అంతటిది. దాని చుట్టుకొలత 27 కిలోమీటర్లు. అందులో ప్రోటాన్ల గుంపులు దాదాపు కాంతివేగంతో ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి.

ఎందుకీ గుద్దులాట? రెండు కుండలు ఢీకొంటే పెంకులే మిగులుతాయి. ఇక్కడ మాత్రం కుండకంటే బరువైన వస్తువు పుట్టవచ్చు! శక్తి, ద్రవ్యరాశి వేరువేరు కావని ఐన్‌స్టీన్ 1905లో చెప్పాడు కదా. ఢీకొన్న శక్తే కొత్త కణంగా మారుతుందన్నమాట.

ఆ ప్రోటాన్లను వలయంలో వంచి తిప్పడానికి 1232 పెద్ద అయస్కాంతాలు ఉన్నాయి. వాటి తీగచుట్టలు మైనస్ 271 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును మోస్తాయి. ఒకచోట కాస్త వేడెక్కితే చాలు, అక్కడ ఆ గుణం పోతుంది. వేడంతా అక్కడే పోగై తీగ కరిగిపోగలదు. అందుకే వెంటనే అయస్కాంతాన్ని పొడవునా కావాలనే వేడెక్కిస్తారు. వేడి ఒక్కచోట పడకుండా అంతటా పంచుకుంటుంది. ఈ పని చేసే విద్యుత్ పరికరాలు మన దేశం నుంచి వేల సంఖ్యలో వెళ్ళాయి. వాటి తయారీలో హైదరాబాదులోని ఈసీఐఎల్ పాలు పంచుకుంది.

సరే, కొత్త కణం పుట్టిందని తెలిసేదెలా? అది పుట్టీ పుట్టగానే విడిపోతుంది. చేతికి దొరికేవి దాని పిల్ల కణాలే. వాటి శక్తినీ, అవి పోయిన దిక్కులనూ కొలిచి, తల్లి బరువు లెక్కకడతారు.

కొన్ని కణాలు పరికరాలకు చిక్కకుండానే జారుకుంటాయి. దానికీ ఉపాయం ఉంది. చీకట్లో ఎవరో పడవ మీంచి గట్టుకు దూకారు. మనిషి కనబడలేదు, కాని పడవ వెనక్కి జరిగింది! అలాగే, కనబడ్డవన్నీ ఒకవైపే పోతే, కనబడనిదేదో రెండోవైపు పోయిందన్నమాట.

లెక్కకట్టిన బరువులను గ్రాఫు మీద గుర్తిస్తూ పోతే గీత నున్నగా దిగుతుంది. కొత్త కణం ఉన్నచోట ఎద్దు మూపురంలా కాస్త ఎత్తు లేస్తుంది. 1964లో ఊహించిన హిగ్స్ కణం ఇలాగే దొరికింది. ఆ సంగతి 2012 జులై 4న ప్రకటించారు. అది ప్రోటాను కంటే దాదాపు 133 రెట్లు బరువైనది. సుమారు వందకోట్ల గుద్దులకు ఒక్కటి పుడుతుంది.

అయితే మూపురం లేచినచోటల్లా కణం ఉంటుందా? వెయ్యిమంది విద్యార్థులు తలా పదిసార్లు నాణెం ఎగరేస్తే, ఎవరో ఒకరికి పదిసార్లూ బొమ్మే పడవచ్చు. అందులో మహిమ ఏమీ లేదు. 2015 డిసెంబరులో సెర్న్‌లోని రెండు ప్రయోగాలలోనూ, హిగ్స్ కంటే ఆరు రెట్లు బరువు దగ్గర, చిన్న మూపురం కనబడింది. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు వందల వ్యాసాలు రాశారు. మరిన్ని గుద్దులు లెక్కించేసరికి, 2016 ఆగస్టుకు అది మాయమైంది! అందుకే, వట్టి యాదృచ్ఛికంగా అలా జరిగే అవకాశం 35 లక్షల్లో ఒకటికి మించదని తేలేదాకా, కొత్త కణం దొరికిందని ఎవరూ చెప్పరు.

హిగ్స్ తర్వాత మరో కొత్త మూలకణం దొరకలేదు. కాని విశ్వంలోని కృష్ణపదార్థం దేనితో తయారైందో ఇంకా తేలలేదు. కనుక వెతుకులాట ఆగదు.

రేపు మీ తరగతిలో అందరూ తలా ఐదుసార్లు నాణెం ఎగరేయండి. ఐదుసార్లూ బొమ్మే పడినవారు ఎందరో లెక్కపెట్టండి. తొందరపడి నమ్మకూడదని ఎందుకంటారో మీకే తెలుస్తుంది.