ఆట మొదలవకముందే చనిపోయే పాత్ర
1977లో అమెరికాలో మార్క్ మిల్లర్ రూపొందించిన 'ట్రావెలర్' అనే సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లో, మీ పాత్ర తయారవుతుండగానే చనిపోవచ్చు! పాత్ర 18వ ఏట ఉద్యోగంలో చేరుతుంది. ప్రతి నాలుగేళ్ల సర్వీసుకూ రెండు పాచికలు వేయాలి. అంతరిక్ష అన్వేషక దళంలో, ప్రత్యేకమైన సత్తువ లేని పాత్రకు 7 లేదా అంతకన్నా ఎక్కువ పడితేనే బతుకు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. వాటిలో 21 అనుకూలం. అంటే 58 శాతం. ఫర్వాలేదనిపిస్తుంది కదా? కానీ వరుసగా మూడుసార్లు గట్టెక్కే అవకాశం దాదాపు 20 శాతమే!

సర్వీసు పెరిగేకొద్దీ నైపుణ్యాలు పెరుగుతాయి, ముప్పూ పేరుకుంటుంది. ఎక్కడ ఆగాలో తేల్చుకోవడమే కీలకం. హెల్మెట్ లేకుండా రోజూ బండి నడిపేవారికీ ఇదే లెక్క: ఒక్కరోజు ముప్పు చిన్నదే, కానీ రోజులు చాలా.