చదరంగ బిరుదులు - ఉత్తరాంధ్ర జిల్లాలు

చదరంగము పుట్టినది మన దేశముననే యని చెప్పుకొనుట మనకు పరిపాటి. అయినను గ్రాండ్‌మాస్టరు బిరుదు ఈ దేశమునకు 1988 వరకు రాలేదు. ఆ సంవత్సరమున విశ్వనాథన్ ఆనందు దానిని తొలుదొల్త గడించెను. 2025 జూలైలో దివ్యా దేశ్‌ముఖ్ 88వ గ్రాండ్‌మాస్టరయ్యెను. ఈ వృద్ధి సంతోషింపదగినదే. కాని వీరెచ్చటివారని విచారించినచో, బుద్ధి దేశమంతటను మొలచుచున్నను బిరుదులు మాత్రము నీరు పారిన మళ్లలోనే పండుచున్నవని తేటపడును.

వీరిలో మూడవవంతునకు మించి తమిళనాటివారు. మద్రాసున సోవియట్ సాంస్కృతిక కేంద్రములో మాన్యుయెల్ ఆరన్ నడపిన తాల్ క్లబ్బు వంటివి వారికి చేదోడైనవి. మనవారును తక్కువవారు కారు. ఆ యెనుబదియెనమండుగురిలో స్త్రీలు నలుగురే; అందు మొదటి యిద్దరును తెలుగువారు: గుడివాడలో జన్మించిన కోనేరు హంపి (2002), గుంటూరు ద్రోణవల్లి హారిక (2011). హంపికి ముందటి యేడే గుంటూరు హరికృష్ణ ఆ బిరుదు నందెను. ఓరుగంటి అర్జున్ ఎరిగైసి 2018లో పొందెను. శ్రీకాకుళ విజయనగరముల పేరు మాత్రము ఈ పట్టికలో కానరాదు.

మనవారికి ఆ యభిరుచి లేదని కొందరందురు. ఈ మాట మేమంగీకరింపము. ఊసవానిపేట కరణం మల్లీశ్వరికి ఆమదాలవలసలోనే గురువు దొరికెను. 2000లో సిడ్నీలో ఒలింపిక్ పతకము గెలిచిన తొలి భారతస్త్రీ ఆమెయే. విజయనగరమున 1919లో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులై, ద్వారం వెంకటస్వామినాయుడుగారికి పీఠము లభించినది. ఫిడేలునకు దొరకిన నీడ చదరంగపు బల్లకు దొరకలేదు, అంతియే భేదము.

ఈ బిరుదు ఇంటికడ కూర్చుండి పుస్తకములు వల్లించిన వచ్చునది కాదు. ఆటగాని రేటింగు 2500 చేరవలెను. అదిగాక మూడు నార్ములు, అనగా ఒక్కొక్క పోటీలో తొమ్మిది ఆటలయందైనను నిర్ణీతమైన ప్రతిభ, చూపవలెను. ప్రత్యర్థులలో ముగ్గురైనను గ్రాండ్‌మాస్టరులు ఉండవలెను. సామాన్యముగా పరదేశీయులు కొందరుండవలెను. అట్టి పోటీలకై బాలునితో తండ్రియో తల్లియో ఊరూర తిరుగక తప్పదు. హంపి తండ్రి అశోక్‌గారు అధ్యాపకోద్యోగమునే వదలుకొనిరి. రెండెకరముల రైతు దేనిని వదలుకొనగలడు?

కావున పిల్లలను పోటీకడకు పంపుటకంటె పోటీనే ఇచ్చటికి రప్పించుట చౌక. విదేశీయులకు బస, భోజనము, గ్రాండ్‌మాస్టరులకు పారితోషికము, గడియారములు, ఒక విశాలమైన హాలు: ఇంతకు మించి కావలసినది లేదు. పెండ్లి పందిళ్లకు మన పట్టణములలో వ్యయమగుచున్న సొమ్ము ఎరిగినవారికి ఇది భారముగా తోపదు. ఏటేట వేసవి సెలవులలో విజయనగరమున ఒక అంతర్జాతీయ పోటీ జరిగినచో పలాస, రాజాం, పార్వతీపురం బాలురును బాలికలును ఉదయపు బస్సునకు వచ్చి, గ్రాండ్‌మాస్టరుతో ఆడి, రాత్రి భోజనమునకు ఇల్లు చేరుకొనగలరు.