చలి గడప దాటనివ్వదా? అష్టాచెమ్మా ఉందిగా!

సంక్రాంతి సెలవులకు పిల్లలతో దొంతన్‌పల్లి వెళ్లడం మాకు ఆనవాయితీ. మా అత్తగారి ఊరు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు చలి సంగతి తెలిసిందే. మెహదీపట్నంలో స్వెట్టర్లు విప్పే వేళకు అక్కడ ఇంకా మంచు విడదు. పోయిన జనవరిలో మా ఎనిమిదేళ్ల బాబుకు ఆయాసం. “మంచులో, చలిగాలిలో తిప్పకండి” అన్నారు డాక్టరు. ఇంట్లో కూర్చోబెట్టడానికి నాకు తెలిసిన మంత్రం ఒక్కటే, సెల్‌ఫోన్. మూడు రోజులకల్లా అన్నం తినాలన్నా ఫోనే. లాక్కుంటే ఏడుపు.

అత్తమ్మకు కళ్లలో శుక్లాలు. శాలువా కప్పుకుని ఓ మూల కూర్చునేవారు. నిజం చెప్పొద్దూ, మాలో ఎవరమూ ఆవిడతో నాలుగు మాటలైనా మాట్లాడలేదు. నాలుగో రోజు సాయంత్రం కరెంటు పోయింది, ఫోన్ చార్జింగూ అయిపోయింది. “చింతగింజల డబ్బా పట్రా బిడ్డా” అన్నారు అత్తమ్మ.

సుద్దముక్క చాలు

నాలుగు చింతగింజల్ని గరుకు బండ మీద ఒకవైపు అరగదీస్తే తెల్లటి పప్పు కనిపిస్తుంది. అవే మన గవ్వలు. నేల మీద అడ్డం అయిదు, నిలువు అయిదు... మొత్తం 25 గళ్లు గీసి, నాలుగు పక్కలా నడిమి గడిలోనూ, మధ్య గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టండి. అక్కడున్న కాయను ఎవరూ చంపలేరు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. గుండీలైనా సరే. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ (4), ఒక్కటీ పడకపోతే అష్ట (8). ఈ రెండూ పడితే మరో పందెం. ఎదుటివారి కాయ ఒక్కటైనా చంపితేనే లోపలి గళ్లలోకి దారి.

అత్తమ్మకు గింజలు కనపడవు. ఎంత పడిందో బాబే చెప్పాలి. మూడో ఆటలో ఆవిడకు అష్ట పడితే వీడు “రెండు” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, “రెండా? సరే బిడ్డా, నువ్వు చెప్తే రెండే. కాయ జరుపు” అన్నారు. వాడు కాసేపు గింజల వంకే చూసి, “కాదు నానమ్మా, అష్ట” అన్నాడు మెల్లగా. నేను ఎన్నిసార్లు కేకలేసినా రాని బుద్ధి అది!

వేళ్లే కళ్లు

మర్నాడు వామనగుంటలు. రెండు వరసల్లో 14 గుంటలు. పీట లేకపోతే చిన్న గిన్నెలు పెట్టండి. మా ఇంట్లో గుంటకు ఐదేసి, అంటే 70 గింజలు. ఒక గుంటలోవి తీసి వరసగా ఒక్కోటి వేస్తూ పోవాలి. చెయ్యి ఖాళీ అయితే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. అదీ ఖాళీగా ఉంటే దాని తర్వాతి గుంటలోవి మీవే. ఈ ఆటకు చూపు అక్కర్లేదు, అత్తమ్మ వేళ్లతోనే లెక్కపెట్టి మమ్మల్నందర్నీ ఓడించారు.

కాస్త పెద్ద పిల్లలుంటే పులి-మేక నేర్పండి. 3 పులులు, 15 మేకలు. మరీ చిన్నవాళ్లకు పిడికిళ్లు ఒకదానిపై ఒకటి పెట్టి గుడుగుడుగుంచం.

జాగ్రత్త సుమా!

మూడేళ్లలోపు పిల్లలకు గింజలు, గుండీలు అందనివ్వకండి. ముక్కులోనో గొంతులోనో ఇరుక్కుంటే ప్రమాదం. ముక్కులో పోతే పిన్నులతో కెలక్కుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆట కాగానే గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. చల్లటి గచ్చు మీద చాప పరవండి. వెచ్చదనం కోసం తలుపులు మూసి బొగ్గుల కుంపటి మాత్రం వద్దు, కంటికి కనపడని విషవాయువు ప్రాణాల మీదికి తెస్తుంది. ఇక ఫోన్ సంగతి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించి తెర చూపించొద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

మావాడు ఫోన్ మానేశాడని అబద్ధం చెప్పను. కానీ ఆదివారం సాయంత్రం అదే ఫోన్‌లో నానమ్మను పిలుస్తాడు. గళ్లు ఇక్కడ గీసి, ఆవిడ పందెం కూడా తనే వేసి, ఎంత పడిందో చెప్తాడు. ఏ కాయ ఏ గడిలో ఉందో ఆవిడకు కంఠతా. పోయిన వారం నానమ్మే గెలిచింది!