పాట అందరిదీ... హక్కు కొందరిది!

● కవర్ సాంగ్ పాడేవారికి తప్పని కాపీరైట్ చిక్కులు
● జాతరలో పాడితే సరే.. యూట్యూబ్‌కు ఎక్కిస్తేనే తంటా
● జానపదుల పాటకు రక్షణేదీ?

పావగడ:
మూడు వైపులా ఆంధ్ర. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడ. పావగడ తాలూకాలో పాటకు మాత్రం సరిహద్దు లేదు. పెళ్లి రిసెప్షన్‌లో ఘంటసాల పాట అయిపోతే రాజ్‌కుమార్ పాట అందుకోవాల్సిందే. ఒకప్పుడు ఆర్కెస్ట్రా వాళ్లు స్టేజీ దిగితే పాట అక్కడితో సరి. ఇప్పుడలా కాదు. ఓ మైకు, కరోకే ట్రాకు, సెల్‌ఫోను ఉంటే చాలు.. పాడిన పాట పొద్దు గూకేలోగా యూట్యూబ్‌లో ఉంటోంది. చిక్కు అక్కడే మొదలవుతోంది. ‘మన గొంతుతో మనం పాడుకుంటే ఎవరికేం నష్టం?’ అనుకుంటే పొరపాటే.

ఒక్క పాట.. మూడు హక్కులు
వినడానికి ఒకటే పాట. చట్టం లెక్కలో మాత్రం మూడు. సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగు ఇంకొకటి. మొదటి రెండింటికీ రచయిత, సంగీత దర్శకుడు బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రికార్డింగుకైతే విడుదలైన ఏడాది గడిచాక 60 ఏళ్లు.

‘మాయాబజార్’నే తీసుకోండి. సినిమా వచ్చింది 1957లో. ఆ రికార్డింగుల గడువు 2017తో తీరింది. అంతమాత్రాన పాటలు మనవైపోలేదు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. అంటే ఆయన సాహిత్యానికి 2031 చివరిదాకా రక్షణ ఉన్నట్లే. ఘంటసాల పోయింది 1974లో. ఆయన కట్టిన బాణీలకు 2034 వరకు ఆగాలి.

భక్తి పాటలకూ ఇదే లెక్క. అన్నమయ్య సాహిత్యం ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఏ బాణీలో పాడుతున్నామన్నది ముఖ్యం. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఎన్నో అన్నమయ్య కీర్తనలకు బాణీలు కట్టారు. ఆయన 1979లో కాలం చేశారు. ఆ బాణీలకు 2039 దాకా గడువుంది. కైవార తాతయ్య తత్వాలు తరతరాలుగా భజన బృందాలు పాడుకుంటున్న బాణీలో అయితే ఏ అడ్డూ లేదు. వాటికే ఈ మధ్య ఎవరైనా కొత్త బాణీ కడితే, అది కట్టినవారి సొత్తు.

యాభై వేల మెలిక
పాత పాటను కొత్త గొంతుతో మళ్లీ రికార్డు చేసుకునే వెసులుబాటు మన చట్టంలో ముందునుంచీ ఉంది. 1980ల్లో టీ సిరీస్ కవర్ క్యాసెట్లు ఊరూరా చేరింది ఈ దారిలోనే. 2012 సవరణతో నిబంధనలు బిగిశాయి. 31-సి సెక్షన్ ప్రకారం పాట తొలిసారి రికార్డయిన ఏడాది గడిచాక అయిదేళ్లు ఆగాలి. హక్కుదారుకు ముందే నోటీసివ్వాలి, రాయల్టీ కట్టాలి. మాటలు, బాణీ ఇష్టమొచ్చినట్లు మార్చకూడదు. అట్టమీద పాత గాయకుల పేర్లు, బొమ్మలు వేయకూడదు. ‘ఇది కవర్ వెర్షన్’ అని అచ్చు వేయాలి.

అన్నిటికంటే పెద్ద మెలిక ఇంకోటి. ఏడాదికి కనీసం 50 వేల కాపీలకు రాయల్టీ చెల్లించాలి. అయిదొందల సీడీలు వేసుకునే పల్లె గాయకుడికి ఇది అయ్యే పనేనా? ఫలానా భాషకో, యాసకో ఆదరణ తక్కువనుకుంటే ఈ సంఖ్య తగ్గించవచ్చని చట్టమే చెబుతోంది. అయితే అది గాయకుడు తనంతట తాను తగ్గించుకునేది కాదు, అధికారం ఉన్నచోట అడిగి తెచ్చుకోవాలి.

ఇంకో సంగతి. ఈ లైసెన్సు ఆడియోకే. వీడియో తీసి పెట్టాలంటే హక్కుదారుతో విడిగా ఒప్పందం చేసుకోవాల్సిందే.

స్టేజీ వేరు.. ఛానెల్ వేరు
దేవుడి ఉత్సవాల్లో, పెళ్లి వేడుకల్లో పాడేందుకు చట్టం మినహాయింపు ఇచ్చింది. పెళ్లిళ్ల విషయంలో మ్యూజిక్ కంపెనీలు, నిర్వాహకుల మధ్య పేచీలు కోర్టులదాకా వెళ్లాయి. టికెట్ పెట్టి చేసే షోలకు ఈ మినహాయింపు వర్తించదు. 2017 మార్చిలో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున లాయరు నోటీసు అందింది. తాను పాడిన పాటలనే ఆ వేదికలపై పాడకుండా బాలు ఆపేశారు. అంతటి గాయకుడికే తప్పలేదంటే మామూలు ఆర్కెస్ట్రా సంగతేంటి?

జాతరలో పాడిన పాటకు మినహాయింపు ఉన్నా, దాన్నే వీడియో తీసి ఛానెల్లో పెడితే కథ మారిపోతుంది. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అనే ఏర్పాటుంది. బాణీ పోలినా పట్టేస్తుంది. ‘క్లెయిమ్’ పడితే వీడియో ఉంటుంది కానీ, చాలాసార్లు ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోతుంది. ‘స్ట్రైక్’ పడితే వీడియో పోతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఏళ్ల తరబడి పెంచుకున్న ఛానెలే మూతపడొచ్చు. కేసు దాకా పోతే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల జరిమానా అని 63వ సెక్షన్ చెబుతోంది.

మన పాట జారిపోతే?
ఇది ఒకవైపే. రెండోవైపు మన పల్లెపదాలున్నాయి. నాట్ల పాట, కోలాటం పాట, సువ్వి పాట.. రాసిందెవరో తెలియదు కాబట్టి హక్కుదారూ లేడు. ఎవరైనా తీసుకోవచ్చు. 2021లో ‘సారంగ దరియా’ సినిమా పాటగా వచ్చినప్పుడు రేగిన గొడవ గుర్తుండే ఉంటుంది. సినిమాలో పాడింది అనంతపురం జిల్లా గుత్తి ప్రాంతపు మంగ్లీ. ఆ జానపదాన్ని వెలుగులోకి తెచ్చింది తానేనని గాయని కోమల ముందుకొచ్చారు. దర్శకుడు శేఖర్ కమ్ముల గుర్తింపు ఇస్తామన్నాకే విషయం సద్దుమణిగింది.

అందుకే అవ్వల దగ్గర పాట సేకరించేవాళ్లు పాడినవారి పేరు, ఊరు, తేదీ చెప్పించి రికార్డు చేసి పెట్టుకోవడం మేలు. పాట మీద హక్కు లేకపోయినా, చేసిన రికార్డింగు మీద, పాడినవారికి తమ గానం మీద చట్టబద్ధమైన హక్కులుంటాయి.

పాడే ముందు..
● పాట హక్కులు ఏ కంపెనీవో చూసుకోండి. ఒరిజినల్ వీడియో కింద వివరాల్లో చాలావరకు ఉంటుంది.
● దొరికిన కరోకే ట్రాకు వాడొద్దు. అదీ ఒకరి సొత్తే. వాయిద్యాలు మీరే వాయించుకోండి.
● ‘హక్కులు సొంతదారువే’ అని కింద రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్లు కాదు.
● కంపెనీ ఒప్పుకుంటే మాటతో సరిపెట్టొద్దు. కాగితం మీదో, ఈమెయిల్లోనో తీసుకోండి.
● సొంతంగా పాట రాసి, బాణీ కడితే రాసిన తేదీతో సహా దాచుకోండి. రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఉంటే రుజువుకు పనికొస్తుంది.